పచ్చదీపం వెలిగేదాకా

పొద్దున్నే పెట్టె గోల మొదలైంది.

"కుయ్... కుయ్... కుయ్..."

వంటింట్లో పాలు పొంగు మీదున్నాయి. వీరదుర్గ స్టవ్ కట్టేసి ముందు గది వైపు చూసింది. అక్కడ గోడవార బల్లమీద నల్లటి పెట్టె ఒకటి ఉంటుంది. రొట్టెల డబ్బా అంత. లోపల రెండు హార్డ్ డిస్కులు. హరిబాబు తీసిన పెళ్ళిళ్ళూ ఓణీల ఫంక్షన్లూ గృహప్రవేశాలూ అన్నీ అందులోనే. వాటితోపాటు అశ్విని కూడా.

అశ్విని హరిబాబు మొదటి భార్య. నరసాపురంలో ఈ స్టూడియో పెట్టినప్పుడు ఫొటోలు అతను తీసేవాడు, వీడియో ఆవిడ తీసేది. ఆడపెళ్ళివారి గదుల్లోకి కెమెరాతో చొరవగా వెళ్ళగలిగిన మనిషని ఊళ్ళో పేరు. ఇంట్లో 'సారీ' అని పిలుచుకునే కూతురు సారిక ఒకటో తరగతిలో ఉండగా ఆవిడ విషజ్వరం వచ్చి పోయింది. ఇప్పుడు సారిక తొమ్మిదిలోకి వచ్చింది. వీరదుర్గ ఈ ఇంట్లోకి వచ్చి నాలుగేళ్ళయింది.

మొగల్తూరు నుంచి వచ్చిన కొత్తలో ఖాళీగా ఉండలేక ఇంట్లో ప్రతి వస్తువుకీ లేసు గుడ్డ అల్లింది. టీవీకి, ఫ్రిజ్‌కి, చివరికి మంచినీళ్ళ బిందెకి కూడా. ఆ నల్లపెట్టెకి మాత్రం అల్లలేదు. అత్తగారు అడిగితే, "దానికి గాలాడాలి కదండీ అత్తయ్యా" అంది. గాలి సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. అప్పటికి తోచిన సాకు అది.

"నిండిపోయిందే," అన్నాడు హరిబాబు కాఫీ అందుకుంటూ. "అందుకే అరుస్తోంది."

"నిండకేం చేస్తుందండీ? ఒక్కటీ తీసెయ్యరుగా."

"ఏం తీసెయ్యమంటావు?"

ఆ ప్రశ్నకు జవాబు ఇద్దరికీ తెలుసు. అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్న అత్తగారు లోవలక్ష్మికి కూడా తెలుసు. ఆవిడ చేతులు ఆగాయి.

"ఎప్పటెప్పటివో ఉన్నాయిగా," అంది వీరదుర్గ చీరకొంగుతో చెయ్యి తుడుచుకుంటూ. "చూసేవాళ్ళెవరని?"

"సారిక చూస్తుంది."

"అవునవును. పొద్దున లేస్తే అదేగా."

హరిబాబు కాఫీ గుటకేశాడు. "విజయ్ పాల్‌కి చెప్పాలే. పెద్ద డిస్కులు తెస్తున్నాడు. ఇంక పదేళ్ళదాకా చూసుకోనక్కర్లేదు."

"పెద్దవా? ఎవరికోసమండీ?"

"పెళ్ళిళ్ళకోసం."

"పెళ్ళిళ్ళకోసమా, పెళ్ళాంకోసమా? అదే, మొదటావిడ కోసమా అని."

అరుగు మీద చేట చప్పుడైంది. హరిబాబు కాఫీ సగంలోనే వదిలేసి లేచాడు. అతను కోప్పడితే వీరదుర్గ తట్టుకునేదే. మాట్లాడకుండా లేచిపోవడాన్నే తట్టుకోలేదు. చచ్చిపోయిన మనిషికోసం ఇల్లు పెద్దది చేస్తున్నాడు. బతికున్నదానికి ఆ పెట్టెలో ఒక్క ఫొటో లేదు.

నిజంగా ఒక్కటీ లేదు. ఊరందరి పెళ్ళిళ్ళూ తీసినవాడి రెండో పెళ్ళికి కెమెరా లేదు. గుళ్ళో దండలు మార్చుకుని భోంచేసి వచ్చేశారు.

విజయ్ పాల్ రెండు కొత్త డిస్కులతో వచ్చేసరికి ఎండ అరుగెక్కింది. కంప్యూటర్ల షాపు అతనిది. రెండో శనివారం కావడంతో సారిక ఇంట్లోనే ఉంది. తండ్రి పక్కన నిలబడి కళ్ళార్పకుండా చూస్తోంది. వీరదుర్గ గుమ్మంలోంచి చూస్తోంది, చూడనట్టు.

"రెండు డిస్కుల్లోనూ ఒకటే సరుకు సారీ," అన్నాడు హరిబాబు పెట్టెలోంచి ఒక సొరుగు లాగుతూ. "ఒకటి తీసి దాని స్థానంలో పెద్దది పెడతాం. రెండోది ఈ కొత్తదానికి తనకు తెలిసిందంతా చెబుతుంది. చెప్పడం అయ్యేదాకా ఈ దీపం నారింజరంగులో కొట్టుకుంటూ ఉంటుంది. అయిపోతే పచ్చగా వెలుగుతుంది. అప్పుడు రెండోదీ మార్చేస్తాం."

"ఎంతసేపు చెబుతుంది నాన్నా?"

"రేపు పొద్దుటిదాకా."

"బాబోయ్, నానమ్మకన్నా ఎక్కువా?"

విజయ్ పాల్ నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "పచ్చదీపం వచ్చేదాకా ఆ రెండోదాన్ని ఎవరూ ముట్టుకోకూడదండి. మధ్యలో లాగితే చెప్పేదీ పోతుంది, వినేదీ పోతుంది. వేరే కాపీ ఒకటి చేసి బయట పెట్టుకోమని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను హరిబాబుగారూ" అన్నాడు.

"ఇప్పుడు తీసిన పాతది ఉందిగా. దీంట్లో కూడా అంతా ఉంది. పని పూర్తయ్యేదాకా దాచుకుంటే అదే కాపీ."

విజయ్ పాల్ వెళ్ళాక హరిబాబు ఆ పాత డిస్కును తల్లి చేతికిచ్చాడు. "అమ్మా, అశ్విని ఇన్నాళ్ళూ ఇందులోనే ఉంది. జాగ్రత్త."

లోవలక్ష్మి దాన్ని రెండు చేతులా అందుకుంది. ఇటుకముక్కలా బరువుగా, చల్లగా ఉంది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. తిన్నగా తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టింది.

అప్పటికే నిడదవోలు పెళ్ళికి వ్యాను వచ్చి హారన్ కొడుతోంది. "పొద్దున్నే వచ్చేస్తాను. ఎవరూ ఆ గదిలో తచ్చాడకండి," అని కెమెరా సంచులు భుజాన వేసుకున్నాడు హరిబాబు. ఆ మాట అంటూ అతను చూసింది తనవైపేనని వీరదుర్గకు అనిపించింది. అనిపించిందా, నిజంగా చూశాడా? ఆ అనుమానాన్ని పోపులో వేసి మధ్యాహ్నందాకా వేయించింది.

వ్యాను వెళ్ళిన కాసేపటికి పడవ వెంకన్న రొయ్యలు పట్టుకొచ్చాడు. లోవలక్ష్మికి అతను వరసకు తమ్ముడు. దేవుడి గూడు శుభ్రం చేసిన రోజున వెలిసిపోయిన పటాలూ పగిలిన ప్రమిదలూ ఓ సంచిలో వేసి అతని చేతికివ్వడం ఆవిడకు అలవాటు. దేవుణ్ణి చెత్తబుట్టలో వెయ్యకూడదుగా.

"నడిగోదావరిలో కలపాలి సుమా వెంకన్నా. ఒడ్డున పారేసి రాకు."

"ఆయ్, ఎప్పుడన్నా అలా చేశానా అక్కా?"

వీరదుర్గ రొయ్యలు వలుస్తూ ఆ మాటలు విన్నది. పట్టించుకోలేదు. ఆమె చెవులు ముందు గదిలో ఉన్నాయి.

ఆ గదిలోంచి ఆడగొంతు వస్తోంది. ఆ ఇంట్లో రోజూ వినపడే గొంతే.

"సారీ... ఇటు చూడమ్మా. పాలు తాగావా? చూపించు గ్లాసు. అబద్ధాలకోరు! పువ్వుల కుండీలో పోశావు కదూ?"

తర్వాత నవ్వు. కెరటం విరిగినట్టు, ఒక్కసారిగా మొదలై సాగి సాగి ఆగే నవ్వు. ఆ వెనకే సారిక నవ్వింది.

వీరదుర్గ కూర దించి చేతులు కడుక్కుని గది గుమ్మందాకా వెళ్ళింది. కంప్యూటరు తెరమీద నాలుగైదేళ్ళ సారిక మీసాల్లా పాలు అంటించుకుని నిలబడి ఉంది. తెర మూలన ఒక బొటనవేలు. అంతే. ఆ వేలు తప్ప ఆవిడ ఎక్కడా కనిపించదు. కనిపించకుండానే ఇల్లంతా ఆక్రమించుకుంది.

"సారికా, అన్నానికి రా. నీకిష్టమని రొయ్యలు వండాను."

"మీరు తినెయ్యండి పిన్నీ. నేను తర్వాత తింటాను."

మీరు. నాలుగేళ్ళుగా అదే. తెరలోని గొంతుతో మాత్రం, 'నువ్వే పోయించావుగా అమ్మా' అని గొణుక్కుంటుంది.

"చల్లారిపోతుందే."

"పర్లేదండీ. అమ్మయితే రొయ్యల్లో చింతచిగురు వేసేదంట. నానమ్మ చెప్పింది." పిల్ల మామూలుగానే అంది. తల కూడా తిప్పలేదు.

"చింతచిగురు దొరికే కాలమా ఇది?" అంది వీరదుర్గ. గొంతు తనకే కీచుగా వినిపించింది.

సారిక ఎప్పుడు తిన్నదో, ఎప్పుడు ట్యూషన్‌కి సైకిలేసుకుని వెళ్ళిందో ఆమె గమనించనే లేదు. లోవలక్ష్మి భోంచేసి వెనకగదిలో నడుం వాల్చింది. ఇల్లు నిశ్శబ్దమైంది. పెట్టె ఫ్యాను మాత్రం బుస్సుమంటోంది.

వీరదుర్గ చీపురు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళింది. పొద్దున ఊడ్చిన గదే.

నారింజదీపం టుక్కు టుక్కుమని కొట్టుకుంటోంది. పాత డిస్కు కొత్తదానికి చెబుతోంది. ఏం చెబుతోంది? ఆ నవ్వు గురించి. ఆ పాలగ్లాసు గురించి. ఇంకో పదేళ్ళదాకా ఈ ఇంట్లో ఆ గొంతు చెల్లుతుందని చెబుతోంది. అప్పటికి సారిక పెళ్ళవుతుంది. పెళ్ళిపందిట్లో కూడా పెద్ద తెర కట్టి అదే చూపిస్తారు. కన్నీళ్ళు తుడుచుకునే జనానికి కాఫీలందిస్తూ తను ఓ మూల నిలబడి ఉంటుంది.

ఆమె చెయ్యి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు. చెయ్యకూడదని తెలుసు. ఏమవుతుందో కూడా తెలుసు. విజయ్ పాల్ మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా విన్నది. అందుకే ఆ వేళ్ళు అంత తిన్నగా రెండో సొరుగు పిడిమీదికి వెళ్ళాయి.

లాగింది.

పెట్టె గుక్కపట్టి కేకేసింది. పొద్దుటి కుయ్ కుయ్ కాదది. ఆగకుండా ఒకటే అరుపు. వీరదుర్గ అదిరిపడింది. చేతిలోని డిస్కు జారి సిమెంటు గచ్చుమీద అంచుమీదుగా పడింది. లోపల ఇంకా తిరుగుతున్నదేదో కరకరమని ఆగిపోయింది.

"ఏంటే ఆ గోల?" వెనకగదిలోంచి లోవలక్ష్మి.

డిస్కు ఎత్తి సొరుగులోకి తోసింది. దీపం రాలేదు. టిక్, టిక్, టిక్ అని మూడుసార్లు కొట్టుకుంది. మళ్ళీ టిక్, టిక్, టిక్. తర్వాత ఎర్రదీపం. ఆ ఎరుపు చూశాక గానీ తను చేసిందేమిటో ఆమె బుర్రకెక్కలేదు.

వెంటనే ఒక ఊరట. ఇంకోటుందిగా! దేవుడి గూట్లో పొద్దున తీసింది ఉంది. అందులో అంతా ఉందన్నాడుగా. కరెంటు పోయిందనో, పిల్లి తోసిందనో...

పరుగెత్తుకుంటూ గూటి దగ్గరికి వెళ్ళింది. కొత్త పటాలు, కొత్త ప్రమిదలు, తోమిన గంట. డిస్కు లేదు.

"అత్తయ్యా, ఆయన పొద్దున మీకిచ్చింది ఏదండీ?"

లోవలక్ష్మి ముడి వేసుకుంటూ లేచి వచ్చింది. "అదా? పటాలతో వెంకన్నకిచ్చానుగా. గోదాట్లో కలపమని."

"గోదాట్లోనా!"

"అరుస్తావేంటే? వాడు కొత్తది పెట్టుకున్నాడు, అశ్విని ఆ కొత్తదాంట్లోకి వెళ్ళిపోయింది. 'ఇన్నాళ్ళూ ఇందులో ఉందమ్మా' అన్నాడు. ఉండి ఖాళీ చేసినా అది ఉన్న చోటేగా? పాతసామాన్లవాడికి వేస్తామా? మా కోడలు బూడిద కలిసింది ఆ నీళ్ళలోనే. ఇదీ అక్కడికే చేరితే మంచిదనుకున్నాను." ఆవిడ కోడలి మొహం చూసి ఆగింది. "ఏం? ఏమైందే?"

వీరదుర్గ చెప్పులేసుకోలేదు. రోడ్డెక్కి ఆటో ఎక్కింది.

రేవులో ఏరు దాటించే పంటు అప్పుడే సఖినేటిపల్లి వైపు కదిలింది, మోటారుసైకిళ్ళూ మనుషులూ ఒకరిమీద ఒకరుగా. వెంకన్న పడవ కొంచెం దిగువన కట్టి ఉంది. అతను ఒడ్డున చతికిలబడి వల బాగుచేసుకుంటున్నాడు.

"వెంకన్న బాబాయ్! పొద్దున అత్తయ్య ఇచ్చిన సంచి..."

"కలిపేశానమ్మాయ్. నడిగోదావరిలోనే. అక్క కనుక్కు రమ్మందేంటి? నామీద నమ్మకం లేదు దానికి, చిన్నప్పట్నుంచీనూ."

ఆమె ఇసకలో కూలబడిపోయింది.

"అయ్యో, ఏంటమ్మాయ్? పటాలు, ప్రమిదలు అన్నీ కలిపాను. పూలు కూడా వేశాను. ఆ ఇనపముక్క ఒక్కటే ఉంచేశాను." అతను కొంచెం సిగ్గుపడ్డాడు. "అక్కతో అనకు. దేవుడి పటం కాదు కదా అనీ... నాలుగు మూలలా బెజ్జాలున్నాయి, బరువుంది. వల అడుక్కి కట్టుకుంటే దిబ్బలా కూర్చుంటుందని."

వీరదుర్గ వలను రెండు చేతులతో లాగింది. అడుగు తాడుకి, సీసపుగుళ్ళ మధ్య, నైలాను దారంతో బిగించి ఉంది డిస్కు. పొడిగా.

"నీళ్ళలో వేశావా దీన్ని?"

"ఇంకా లేదు. ఇప్పుడే కట్టాను. ఈ పోటుకి వెయ్యాలి."

"విప్పు బాబాయ్. తొందరగా విప్పు."

వెంకన్న సణుగుతూ ముడులు కోశాడు. ఆమె చేతిలో పెట్టి, టీ తాగొస్తానని గట్టెక్కి వెళ్ళాడు.

వీరదుర్గ పడవ అంచున కూర్చుంది. ఒళ్ళో డిస్కు. కింద గోదావరి పోటు మీదుంది, పడవను మెల్లగా ఊపుతోంది.

అప్పుడు తోచింది ఆ ఆలోచన. తోచడం కాదు, పక్కన వచ్చి కూర్చున్నట్టే అయింది.

ఇది నీళ్ళలోకి జారితే?

వెంకన్న కలిపేశాననే అక్కతో చెప్పుకుంటాడు, వలకి కట్టిన సంగతి వాడే బయటపెట్టడు. పంపింది అత్తగారు. పెట్టె పాతది, దానంతటదే చెడిపోయింది. తనని ఎవరూ ఒక్క మాట అనరు. రేపట్నుంచి ఆ గదిలోంచి నవ్వు వినపడదు. తను వండింది వేడిగా ఉండగానే తింటారు. మోకాలి మీంచి కొంచెం జరిపితే చాలు.

జరిపింది కూడా. డిస్కు సగం పడవ అంచు దాటింది.

ఫోన్ మోగింది. సారిక.

"పిన్నీ!" పిల్ల ఎగపోస్తోంది. "పెట్టె ఎర్రగా వెలుగుతోంది. అమ్మ రావట్లేదు. నానమ్మ ఆ పాతది గోదాట్లో కలిపేసిందంట. దేవుడి గూటి ముందు కూచుని నెత్తి కొట్టుకుంటోంది. నువ్వెక్కడున్నావ్?"

"ఇక్కడే... రేవులో."

"పిన్నీ, నాకు అమ్మ గొంతు గుర్తు రావట్లేదు."

"అదేంటే, మధ్యాహ్నమేగా విన్నావు?"

"ఇప్పుడు అనుకుని చూశాను. మాటలు గుర్తున్నాయి. గొంతు రావట్లేదు. నా గొంతే వస్తోంది." అవతల వెక్కిళ్ళు.

వీరదుర్గ చెవి దగ్గర ఫోను అలాగే ఉండిపోయింది. ఆమె తల్లి పోయినప్పుడు ఆమెకూ ఇంచుమించు సారిక ఈడే. మొగల్తూరు ఇంట్లో ఓటరు కార్డు మీద మసకబారిన మొహం ఒకటి మిగిలింది. మొహం ఉంది. అమ్మ వాకిట్లోంచి కేకేసి పిలిచేది, ఆ పిలుపులో పేరు ఎలా సాగదీసేదో ఎన్ని రాత్రులు గుర్తు తెచ్చుకోబోయిందో. ఎప్పుడు ప్రయత్నించినా తన గొంతే వచ్చేది. అచ్చంగా ఇలాగే.

ఈ సంగతి ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే అర్థం చేసుకునే మనిషి ఈ ఇంట్లో ఉంటుందనీ అనుకోలేదు.

డిస్కును రెండు చేతులతో లాక్కుని పొట్టకు అదుముకుంది.

"ఏడవకు. నా దగ్గరుంది. మీ అమ్మ నా దగ్గరుంది. తెస్తున్నాను."

ఇల్లు చేరేసరికి లోవలక్ష్మి ఇంకా నేలమీదే ఉంది. డిస్కును చూసి కోడలి కాళ్ళు పట్టుకోబోయింది. "నా తల్లే, ఇల్లు నిలబెట్టావే. నా బుద్ధి తగలెయ్య, నావల్ల..."

ఇక్కడ ఊరుకుంటే చాలు. పొగడ్త కూడా దక్కుతుంది.

"మీవల్ల కాదత్తయ్యా," అంది వీరదుర్గ వెనక్కి జరిగి. "పెట్టెలో రెండోదాన్ని నేనే లాగాను. కావాలనే లాగాను. కిందపడి చచ్చిపోయింది. ఇది కూడా పోయుంటే నావల్లే పోయేది."

లోవలక్ష్మి చాచిన చేతులు వెనక్కి తీసుకుంది.

సారిక గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఎందుకు లాగావు?"

"కుళ్ళు. మీ అమ్మంటే కుళ్ళు నాకు. కనపడని మనిషి. పోట్లాడదామంటే దొరకదు. నేను వండితే ఆవిడ వండినట్టుండదు, నేను పిలిస్తే ఆవిడ పిలిచినట్టుండదు. అందుకని లాగాను."

 సారిక ఆ డిస్కును లాక్కుని తన గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

"ఛీ," అంది లోవలక్ష్మి.  కాసేపటికి లేచి, మధ్యాహ్నం మిగిలిన రొయ్యల కూర వేడిచేసి కోడలి ముందు పెట్టింది. "తిను. మొహం పీక్కుపోయింది. తిట్టడానికి రేపు వాడొస్తాడు."

పిల్ల గది తలుపు దీపాలు పెట్టే వేళకు తెరుచుకుంది. సారిక వచ్చి వీరదుర్గకు ఎదురుగా కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నాకూ ఉంది," అంది.

"ఏంటి?"

"కుళ్ళు. నువ్వొచ్చాక నాన్న నవ్వుతున్నాడు. అంతకుముందు ఇద్దరం ఏడ్చేవాళ్ళం. ఇప్పుడు నాన్న అమ్మ వీడియోలు చూడ్డం మానేశాడు, తెలుసా? నెలలైంది. ఎవరో ఒకరు చూడకపోతే అమ్మ ఏమనుకుంటుందని నేనే చూస్తున్నాను. ఒక్కోరోజు చూడాలనిపించదు. అయినా చూస్తాను." పిల్ల గోరు కొరుక్కుంది. "రొయ్యలు వేడిగా తినాలని నాకూ ఉండదేంటి?"

వీరదుర్గ తన ముందున్న పళ్ళెం పిల్లవైపు జరిపింది. సారిక తిన్నది.

మర్నాడు పొద్దున హరిబాబు పెళ్ళి బూందీ పొట్లంతో వచ్చాడు. వీరదుర్గ అతన్ని గుమ్మంలోనే ఆపి అంతా చెప్పేసింది. దాచకుండా, ఏడవకుండా. అతను సంచులు దించలేదు. మొహం నల్లబడింది.

"అసలు ఏం చేసిందే అశ్విని నిన్ను?"

"ఏం చెయ్యలేదు. మీరే నన్ను లెక్కలోకి తీసుకోలేదు," అంది. "ఊరందరి మొహాలూ ఆ పెట్టెలో ఉన్నాయి. నాలుగేళ్ళలో నాది ఒక్కటి తీశారా? నేను పోతే ఈ ఇంట్లో ఓటరు కార్డు తప్ప ఏం మిగులుతుందండీ?"

హరిబాబు ఆమెను వింతగా చూశాడు. "పెళ్ళిరోజున గుడిమెట్ల మీద కెమెరా ఎత్తాను. మొహం తిప్పేసుకున్నావు. 'ఆవిడ పట్టుకున్న కెమెరాతో నన్ను తియ్యకండి' అన్నావు. మరిచిపోయావా? ఆ తర్వాత మళ్ళీ ఎత్తడానికి నాకు ధైర్యం చాల్లేదు."

అప్పుడు గుర్తొచ్చింది. గుడిమెట్లు, కొత్త పట్టుచీర గరగర, చేత్తో కెమెరాను పక్కకు తోసెయ్యడం. అన్నది తనే. నాలుగేళ్ళ కోపానికి తలుపు తీసింది తనే. ఏడవకూడదనుకున్న వీరదుర్గ గుమ్మంలోనే చతికిలబడి ఏడ్చేసింది. హరిబాబు సంచులు దించి పక్కన కూర్చున్నాడు.  చాలాసేపటికి బూందీ పొట్లం విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

విజయ్ పాల్ వచ్చి పెట్టె ఆపి, రెండు సొరుగులూ ఖాళీ చేసి, రేవునుంచి తిరిగొచ్చిన డిస్కు ఒక్కదాన్నే దూర్చాడు. దాని బెజ్జంలో నైలాను దారప్పోగు ఇంకా వేలాడుతోంది. "ఇదేంటండీ ఇది?" అన్నాడు. ఫ్యాను బుస్సుమంది.  లోవలక్ష్మి తలుపులమ్మ తల్లికి ఏదో మొక్కేసుకుంది.

"సారీ... ఇటు చూడమ్మా. పాలు తాగావా?"

సారిక కళ్ళు మూసుకుని విన్నది. వీరదుర్గ ఆ రోజు మొదటిసారి తలుపవతల కాకుండా గది లోపల నిలబడి విన్నది.

ఈసారి విజయ్ పాల్ ముందు వేరే కాపీ తీయించాడు. దాన్ని ఎక్కడ దాచాలన్న మాట వచ్చింది. హరిబాబు చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసి, భార్య చేతిలో పెట్టాడు.

"నీ ట్రంకుపెట్టెలో ఉంచు."

"నా దగ్గరా?" వీరదుర్గ నమ్మలేనట్టు చూసింది. "నిన్న నేను చేసింది తెలిసి కూడానా?"

"నిన్న పడవలోంచి తెచ్చింది కూడా నువ్వేగా."

ఆమె లోపలికెళ్ళి, అల్లి ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న తెల్లలేసు గుడ్డ తీసింది. డిస్కును అందులో చుట్టి, పెళ్ళి పట్టుచీర మడతల మధ్య పెట్టింది. పెట్టె మూత వేయబోయి, చీరను మరోసారి సర్ది వేసింది.

ఆ తర్వాత మళ్ళీ సొరుగులు మార్చారు. నారింజదీపం రోజంతా కొట్టుకుంది. ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకుండా గుమ్మంలో పీటేసుకుని, లేసు అల్లుకుంటూ కాపలా కూర్చున్నది వీరదుర్గే. అటు వచ్చిన అత్తగారిని కూడా రానివ్వలేదు. "పచ్చదీపం వెలిగేదాకా లేదండీ," అంది. "బడాయి!" అని లోవలక్ష్మి వెళ్ళిపోయింది.

రెండోదీ పచ్చగా వెలిగిన పొద్దున వీరదుర్గ వంటింట్లో పాలు కాచి, సారిక గ్లాసులో పోసి మూతపెట్టి, కాఫీ కలుపుతోంది. వెనకనుంచి ఏదో చప్పుడైంది. తిరిగి చూస్తే సారిక. చేతిలో అశ్విని కెమెరా. బొటనవేలు అద్దానికి సగం అడ్డంగా ఉంది.

"ఏంటే ఇది?"

"చాలా ఖాళీ వచ్చిందంట. నాన్న చెప్పాడు. మాట్లాడు పిన్నీ."

వీరదుర్గ చెయ్యి అలవాటుగా మొహానికి అడ్డం వెళ్ళబోయింది. సగంలో ఆగి, చెదిరిన జుట్టు చెవి వెనక్కి నెట్టుకుంది. "ఏం మాట్లాడను? పొద్దున్నే తలకూడా దువ్వుకోలేదు."

"ఏదైనా. తిట్టయినా తిట్టు."

వీరదుర్గ కెమెరావైపు తిన్నగా చూసింది. తర్వాత బల్లమీద మూత కదలని గ్లాసువైపు చూసింది.

"పాలు తాగావా నువ్వు?"

కెమెరా వెనక నవ్వు మొదలైంది. ఒక్కసారిగా లేచి, సాగి సాగి, కెరటం విరిగినట్టు. ఆ నవ్వు ఎక్కడిదో వీరదుర్గకు బాగా తెలుసు. నాలుగేళ్ళు తలుపవతల నిలబడి విన్నది. ఈసారి అది తనను చూసి నవ్వుతోంది.